పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు: బరోడా శాయాజీరావు సంస్కరణలు ఎంతదూరం వెళ్ళాయి?

గత సంచికలో అంబేద్కర్ విద్యార్థి జీవితం మీద వచ్చిన వ్యాసంలో, ఆయనను అమెరికా పంపిన బరోడా (నేటి గుజరాత్‌లోని వడోదర) సంస్థాన మహారాజు మూడవ శాయాజీరావు గాయక్వాడ్ పేరు ఒక్క వాక్యంలో వచ్చి పోయింది. ఆయన గురించి మరింత చెప్పమని కోరుతూ చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి, ఈ నెల శీర్షిక మొత్తాన్ని ఆయనకే కేటాయిస్తున్నాం.

బరోడా మహారాజు పల్లెటూరి కుర్రవాడని, పన్నెండేళ్ళు వచ్చేదాకా అక్షరాలు కూడా రావని విన్నాను. నిజమేనా? అలాంటివాడికి గద్దె ఎలా దక్కింది? — డిగ్రీ విద్యార్థి, గుంటూరు

నిజమే. ఆయన 1863 మార్చి 11న నాసిక్ జిల్లాలో మాలేగావ్ దగ్గరి కవ్లానా అనే పల్లెలో పుట్టారు. అసలు పేరు గోపాల్‌రావు. తండ్రి కాశీరావు గాయక్వాడ్ వంశంలో ఒక దూరపు శాఖకు చెందినవాడే అయినా ఆ ఇంటికి రాజవైభవం ఏదీ లేదు. వ్యవసాయమే ఆధారం.

అప్పట్లో బరోడాను ఏలుతున్నది మల్హార్‌రావు. ఆయన పాలన అస్తవ్యస్తంగా ఉందని సంస్థానంలో బ్రిటిష్ ప్రభుత్వ ప్రతినిధి (రెసిడెంటు) కర్నల్ ఫేర్ పైకి నివేదికల మీద నివేదికలు పంపుతున్న కాలంలో, 1874 నవంబరులో, రెసిడెంటు తాగే పంపరపనస షర్బత్‌లో విషం కలిపించారన్న ఆరోపణ మహారాజు మీద వచ్చింది. విచారణ సంఘంలోని ముగ్గురు ఆంగ్లేయులు నేరం రుజువైందన్నారు. గ్వాలియర్, జైపూర్ మహారాజులు, సర్ దినకర్ రావు మాత్రం ఆ నిర్ణయంతో ఏకీభవించలేదు. దాంతో ప్రభుత్వం విషప్రయోగం మాట పక్కనబెట్టి, దుష్పరిపాలన కారణం చూపి 1875లో మల్హార్‌రావును గద్దె దించింది. అంతకుముందు ఏలిన ఖండేరావు భార్య, మహారాణి జమ్నాబాయికి దత్తత తీసుకునే హక్కు ఇచ్చారు. ఆమె చూసిన పిల్లలలో గోపాల్‌రావు ఒకడు. ఎందుకు వచ్చావని అడిగితే రాజ్యం ఏలడానికి వచ్చానని ఆ పిల్లవాడు జవాబిచ్చాడని బరోడాలో ఇప్పటికీ చెప్పుకుంటారు. 1875 మే 27న దత్తత జరిగింది.

ఆ తర్వాత ఆరేళ్ళు బాలుడికి చదువు చెప్పే బాధ్యత ఎలియట్ అనే ఆంగ్లేయ అధికారిది, రాజ్యం నడిపే బాధ్యత దివాన్ సర్ టి. మాధవరావుది. కుంభకోణంలో పుట్టిన ఈ తంజావూరు మరాఠీ అంతకుముందు తిరువాన్కూరు, ఇండోరు సంస్థానాలలో దివానుగా పేరు తెచ్చుకున్నవాడు. ఖజానా లెక్కలు, కోర్టులు, పోలీసు వ్యవస్థ ఆయన చేతిలోనే ఒక దారికి వచ్చాయి. 1881 డిసెంబరు 28న పూర్తి అధికారాలు చేపట్టే నాటికి శాయాజీరావు వయసు పద్దెనిమిదేళ్ళు. మరాఠీ, గుజరాతీ, ఉర్దూ, ఇంగ్లీషు నాలుగింటిలోనూ చదవడం, రాయడం దత్తత తర్వాత కూర్చుని నేర్చుకున్నవే. చదువు విషయంలో ఆయనకు జీవితాంతం ఉన్న పట్టుదలకు మూలం ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

నేను ముప్పై ఏళ్ళకు పైగా ప్రాథమిక పాఠశాలలో పనిచేశాను. దేశంలో నిర్బంధ విద్యను మొదట అమలు చేసింది బరోడా అంటారు. బడికి రాని పిల్లలను ఎలా రప్పించారు? అది నిజంగా పనిచేసిందా? — విశ్రాంత ఉపాధ్యాయుడు, కరీంనగర్

మీ ప్రశ్నలో రెండవ భాగం ముఖ్యమైనది. నిర్బంధ విద్య మంచిదని అనడానికి ఆ రోజుల్లో కూడా మనుషులు కరవు కాలేదు. దాన్ని ఒక రాజ్యం మొత్తానికి వర్తింపజేసి, అందుకు ఖజానా నుంచి డబ్బు తీసినవారు మాత్రం అరుదు.

బరోడా ఒకే చోట కుదురుగా ఉన్న రాజ్యం కాదు. బరోడా, కడి, నవసారి, అమ్రేలీ ప్రాంతాలు ఒకదానికొకటి దూరంగా, మధ్యమధ్య బ్రిటిష్ తాలూకాలతోనూ ఇతర సంస్థానాలతోనూ విడిపోయి ఉండేవి. అంతా కలిపి జనాభా 20 లక్షలు. ఇలాంటి రాజ్యంలో చట్టం ఒక్కసారిగా తెస్తే దెబ్బతింటుందని తెలిసే కాబోలు, 1893లో కాఠియావాడ్‌లోని అమ్రేలీ తాలూకాను ప్రయోగానికి ఎంచుకున్నారు. ఊళ్ళలో బడులు తెరిచారు, ఫీజు తీసేశారు, బడి ఈడు పిల్లల జాబితాలు రాయించారు, పంపని తల్లిదండ్రులకు జరిమానా పెట్టారు. పదమూడేళ్ళు ఆ తాలూకాలో వచ్చిన చిక్కులన్నీ చూసిన తర్వాతే, 1906లో రాజ్యమంతటికీ వర్తించే చట్టం చేశారు. మగపిల్లలకు ఏడు నుంచి పన్నెండేళ్ళు, ఆడపిల్లలకు ఏడు నుంచి పదేళ్ళు బడి వయసుగా నిర్ణయించారు. ఆడపిల్లలకు రెండేళ్ళు తగ్గించడం కాలానికి లొంగడమే. అయినా వారిని చట్టం నుంచి మినహాయించకపోవడం ఆ కాలానికి సాహసమే.

ఈ పని ప్రభావం బరోడా పొలిమేరలు దాటింది. 1911లో గోపాలకృష్ణ గోఖలే ఇంపీరియల్ శాసనమండలిలో ప్రాథమిక విద్యా బిల్లు ప్రవేశపెట్టినప్పుడు బరోడాను ఉదాహరణగా చూపించారు. ఒక సంస్థానం చేయగలిగిన పనిని ఇంత పెద్ద సామ్రాజ్యం ఎందుకు చేయలేదన్న ప్రశ్నకు ప్రభుత్వం దగ్గర సరైన జవాబు లేకపోయినా, మరుసటి సంవత్సరం అనుకూలంగా 13, వ్యతిరేకంగా 38 ఓట్లు పడి ఆ బిల్లు వీగిపోయింది. బొంబాయి ప్రెసిడెన్సీలో పురపాలక సంఘాలకు నిర్బంధ విద్య పెట్టుకునే వెసులుబాటు 1918లో గాని రాలేదు. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి కదా, అక్కడ ప్రాథమిక విద్యా చట్టం వచ్చింది 1920లో.

ఇక పనిచేసిందా అన్న మాటకు వస్తే, బడులు పెరిగాయి, చదివే పిల్లలు పెరిగారు, అందులో అనుమానం లేదు. కానీ జరిమానా భారం ఎక్కువగా పడింది పేదవారి మీద. పశువులు కాయడానికి, చెల్లెలిని ఎత్తుకోవడానికి, కోతలకు పిల్లవాడు చేతికింద ఉండాలనుకునే ఇంటికి, వాడిని బడికి పంపితే ఒక నష్టం, పంపకపోతే మరో నష్టం. పైగా 1899–1900 నాటి ఘోరమైన కరువు గుజరాత్ పల్లెలను పీల్చి పిప్పి చేసి అప్పటికి ఎన్నో ఏళ్ళు కాలేదు. రెండు మూడు తరగతులు చదివి మానేసి, చదివింది మరిచిపోయినవారు కూడా ఎందరో. ఇన్ని లోపాలున్నా, బడి పెట్టడం రాజ్యం బాధ్యత, పిల్లవాడిని పంపడం తల్లిదండ్రుల బాధ్యత అన్న ఒప్పందాన్ని కాగితం మీద రాసి, ఉపాధ్యాయుడికి జీతమిచ్చి నిలబెట్టడం చిన్న పని కాదు. మీరు ముప్పై ఏళ్ళు పనిచేసిన వ్యవస్థకు ఈ నేల మీద తొలి నమూనాలలో అది ఒకటి.

బరోడా గ్రంథాలయాల గురించి మా వృత్తి శిక్షణలో ఒక పేరా చదివాం. మన ఆంధ్ర గ్రంథాలయోద్యమానికీ దానికీ పోలిక ఏమిటి? — గ్రంథపాలకురాలు, విజయవాడ

చదువు నేర్చినవాడికి చదవడానికి ఏదో ఒకటి దొరకకపోతే నేర్చింది పోతుంది. పైన చెప్పిన లోపాన్ని శాయాజీరావు గుర్తించారు కనుకనే గ్రంథాలయాల వైపు చూశారు. విదేశీ ప్రయాణాలలో అమెరికాలోని ఉచిత ప్రజా గ్రంథాలయాలను చూసి, 1910లో విలియం బోర్డెన్ అనే అమెరికన్ గ్రంథపాలకుడిని బరోడాకు పిలిపించారు. ఆయన మూడేళ్ళు ఉండి, నగరంలో కేంద్ర గ్రంథాలయాన్ని, గ్రంథపాలకులకు శిక్షణ తరగతిని నెలకొల్పారు. ఇంగ్లీషు, గుజరాతీ, మరాఠీ మూడు భాషలలో ఒక గ్రంథాలయ పత్రిక కూడా నడిచింది. ఆడవారికి, పిల్లలకు వేరుగా గదులుండేవి.

పల్లెల్లో అనుసరించిన పద్ధతి నాకు మరీ నచ్చింది. ఊరివారు తమంతట తాము కొంత చందా పోగు చేస్తే, అంత మొత్తాన్ని ప్రభుత్వమూ, అంతే మొత్తాన్ని స్థానిక బోర్డూ కలిపేవి. అప్పుడు ఆ గ్రంథాలయం మీద ఊరికి హక్కూ ఉంటుంది, పట్టింపూ ఉంటుంది. గ్రంథాలయం పెట్టుకునే స్తోమత లేని ఊళ్ళకు సంచార గ్రంథాలయాలు వెళ్ళేవి. కొద్దిపాటి పుస్తకాలు సర్ది తాళం వేసిన చెక్కపెట్టెను రైల్లో ఆ ఊరికి పంపుతారు. ఊళ్ళో బాధ్యత తీసుకున్న ఒకరు దాన్ని దించుకుని, అందరికీ పుస్తకాలిచ్చి, చదవడం అయ్యాక పెట్టెను తిప్పి పంపుతారు. రవాణా ఖర్చు గ్రంథాలయ శాఖదే.

మన దగ్గర కథ వేరే దారిలో నడిచింది. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం 1901లో వెలిసింది. బెజవాడలో 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడి, అయ్యంకి వెంకటరమణయ్య గారు ఊరూరా తిరిగారు. తరువాతి కాలంలో పాతూరి నాగభూషణం గారు గుంటూరు జిల్లా కాలువల మీద పడవలో పుస్తకాలు తీసుకువెళ్ళి పంచారు. మనకు రాజు లేడు, ఖజానా లేదు. చందాలు, దానాలు, పట్టుదల ఉన్నాయి. బరోడాలో గ్రంథాలయం ప్రభుత్వ శాఖగా పుట్టింది. ఆంధ్రలో అది ఉద్యమంగా పుట్టింది. అందువల్లనే మన గ్రంథాలయాలలో స్వాతంత్ర్యోద్యమం సమావేశాలు పెట్టుకోగలిగింది. బరోడాలో మాత్రం ఒక మహారాజు ఒప్పుకున్నంతే జరిగేది. అయితే జీతం అందుకునే శిక్షణ పొందిన గ్రంథపాలకుడు, ఏటా వచ్చే నిధులు అన్న రెండింటి విలువ తెలియాలంటే, ఈ రోజు మన జిల్లాల్లో మూతపడిన శాఖా గ్రంథాలయాలను చూస్తే చాలు.

బాల్యవివాహాలను ఆయన శారదా చట్టం కంటే ముందే నిషేధించారంటారు. ఆడవారి విషయంలో ఆయన నిజంగా అంత ముందున్నారా? — పాఠకురాలు, హైదరాబాదు

చట్టాల తేదీలు చూస్తే ముందున్నారు. బరోడాలో బాల్యవివాహ నిరోధ చట్టం 1904లో వచ్చింది. బ్రిటిష్ ఇండియాలో శారదా చట్టం 1929లో గాని రాలేదు. బరోడా చట్టం ఆడపిల్లకు పన్నెండు, మగపిల్లవాడికి పదహారు ఏళ్ళు అని పెట్టింది. ఈనాటి చూపుకు అది మరీ తక్కువ. అంతకంటే ముందే వితంతు వివాహాన్ని చట్టబద్ధం చేశారు. 1931లో హిందూ స్త్రీకి విడాకుల హక్కునిచ్చే చట్టం తెచ్చారు. దేశమంతటికీ అలాంటి హక్కు 1955 హిందూ వివాహ చట్టంతో గాని రాలేదు.

ఆచరణలో, జరిమానా కట్టేసి పిల్లలకు పెళ్ళి చేసిన తల్లిదండ్రులు ఎందరో ఉన్నారు. కట్నంతోపాటు జరిమానా కూడా పెళ్ళి ఖర్చులో ఒక పద్దయింది. ఆయన సొంత ఇంట్లో కూడా పరీక్ష ఎదురైంది. కుమార్తె ఇందిరా రాజేకు, అప్పటికే భార్య ఉన్న గ్వాలియర్ మహారాజుతో పెళ్ళి నిశ్చయించారు. ఆమె ఆ సంబంధం వద్దని స్వయంగా ఉత్తరం రాసి, 1913లో లండన్‌లో కూచ్ బిహార్ రాకుమారుడు జితేంద్రను పెళ్ళాడింది. తల్లిదండ్రులు ఆ పెళ్ళికి వెళ్ళలేదు. ఎదిగిన కూతురు తన మాట తాను చెప్పుకున్నప్పుడు, చట్టాలు రాసిన తండ్రికే అది మింగుడు పడలేదు. ఆమె తల్లి, రెండవ చిమ్నాబాయి, 1927లో పుణేలో జరిగిన తొలి అఖిల భారత మహిళా మహాసభకు అధ్యక్షత వహించిన వ్యక్తి అన్నది కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి.

ఢిల్లీ దర్బారులో ఆయన చక్రవర్తికి వెన్ను చూపారన్నది దేశభక్తితోనా, పొరపాటునా? — న్యాయవాది, రాజమహేంద్రవరం

1911 డిసెంబరు 12న ఐదవ జార్జి ముందు రాజులందరూ నగలు పెట్టుకుని వచ్చి, మూడుసార్లు వంగి, వెనక్కి వెనక్కి అడుగులు వేస్తూ పోవాలి. శాయాజీరావు సాదా దుస్తులతో, చేతికర్రతో వచ్చి, ఒక్కసారి తల వంచి, వెనుదిరిగి నడిచిపోయారు. ఆంగ్ల పత్రికలు గగ్గోలు పెట్టాయి. ఆయన వైస్రాయి హార్డింజ్‌కు క్షమాపణ లేఖ రాశారు. కావాలని చేశారా అన్నది ఆయన మనసుకే తెలిసిన విషయం. కానీ ప్రభుత్వానికి ఆయన మీద అనుమానం అంతకుముందు నుంచీ ఉంది. అరవింద ఘోష్ 1893 నుంచి 1906 దాకా బరోడా కొలువులోనే ఉన్నారు. కాంగ్రెస్ మాజీ అధ్యక్షుడు రమేశ్ చంద్ర దత్ అక్కడ రెవెన్యూ మంత్రిగా, తర్వాత దివానుగా పనిచేశారు. శాయాజీరావు మాటిమాటికీ విదేశాలకు వెళ్ళడం కర్జన్ ప్రభువుకు గిట్టక, రాజుల విదేశీ ప్రయాణాలకు అనుమతి తప్పనిసరి చేస్తూ 1900లో ఉత్తర్వు వచ్చింది. ఒక మాట మాత్రం చెప్పాలి. తెల్లదొరల ముందు తల వంచడానికి ఇష్టపడని ఈ రాజు, తన ప్రజలకు మాత్రం పాలనలో పెద్ద వాటా ఇవ్వలేదు. 1908లో పెట్టిన ధారాసభ (శాసనసభ) సలహా చెప్పగలిగేది, శాసించగలిగేది కాదు.

అంత గొప్ప సంస్కర్త రాజ్యంలో అంబేద్కర్‌కు తలదాచుకునే చోటు లేకపోవడం ఎలా జరిగింది? రాజు ఏం చేస్తున్నారు? — ఉపాధ్యాయిని, ఒంగోలు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం అడిగింది ఇదే. జరిగిన క్రమం ముందు చెబుతాను.

అంబేద్కర్ బి.ఎ. చదివేటప్పుడే శాయాజీరావు నెలకు 25 రూపాయలు ఇచ్చారు. 1913లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదవడానికి మూడేళ్ళపాటు నెలకు పదకొండున్నర పౌండ్ల విద్యార్థి వేతనం మంజూరు చేశారు. చదువయ్యాక పదేళ్ళు బరోడా కొలువు చేయాలన్నది ఒప్పందం. ఆ ఒప్పందం ప్రకారమే 1917లో ఆయన బరోడా వచ్చి అకౌంటెంట్ జనరల్ కార్యాలయంలో చేరారు. అస్పృశ్యుడని తెలిస్తే ఏ హిందూ హోటలూ ఉండనివ్వదు. ఒక పారశీ సత్రంలో, పారశీ పేరు రాసి, రోజుకు రూపాయిన్నర చొప్పున మేడ మీద గది తీసుకున్నారు. ఆ మేడ మీద మరెవ్వరూ లేరు. పక్కనున్న పెద్ద హాలు నిండా విరిగిన కుర్చీలు, పాత సామాను, రాత్రి మసక వెలుగు దీపం, గబ్బిలాల చప్పుడు. పుస్తకాలు చదువుతూ ఆ ఒంటరితనం మరిచిపోవడానికి ప్రయత్నించానని తర్వాత ఆయనే రాశారు. ఈలోగా ప్రభుత్వ బంగళా ఇప్పించమని దివానుకు అర్జీ పెట్టుకున్నారు. అది ఒక అధికారి బల్ల మీద నుంచి మరో అధికారి బల్ల మీదకు నడుస్తూనే ఉంది. పదకొండవ రోజు ఉదయం ఆఫీసుకు బయలుదేరబోతుంటే, కర్రలు పట్టుకున్న పదిపన్నెండు మంది పారశీలు మెట్లెక్కి వచ్చి, సత్రాన్ని మైలపరిచావని నిలదీసి, సాయంత్రంలోగా ఖాళీ చేయమన్నారు. అంబేద్కర్ ఇద్దరు మిత్రులను ఆశ్రయం అడిగారు, ఒకరు హిందువు, ఒకరు క్రైస్తవుడు. ఇద్దరికీ ఏదో ఒక ఇబ్బంది అడ్డు వచ్చింది. రాత్రి బొంబాయి రైలు దాకా కామాటీ బాగ్ అనే తోటలో కూర్చున్నారు. కొలంబియాలో, లండన్‌లో చదివి వచ్చిన మనిషి.

రాజు ఏం చేశారన్నదానికి నేరుగా జవాబు ఇది: చదువుకు డబ్బిచ్చారు, ఉద్యోగమిచ్చారు, ఉండడానికి ఇల్లు ఏర్పాటు చేయించలేదు. ఆయన తలచుకుంటే ఒక్క సంతకంతో బంగళా దొరికేది. ఒక అస్పృశ్య యువకుడిని ఉన్నతోద్యోగానికి పిలిపించినప్పుడు అతడు ఎక్కడ తింటాడు, ఎక్కడ పడుకుంటాడు అని ముందే ఆలోచించవలసిన బాధ్యత పిలిచిన ప్రభుత్వానిదే. ఆ బాధ్యతలో బరోడా ప్రభుత్వం విఫలమైంది. ఈ మాటను ఆయన మీద గౌరవంతో మెత్తబరచవలసిన అవసరం నాకు కనబడదు.

కానీ దీనికి పూర్వరంగం కూడా తెలియాలి. 1880లలోనే ఆయన అంత్యజుల (అస్పృశ్యులుగా చూడబడినవారి) కోసం ప్రత్యేక పాఠశాలలు పెట్టించారు. వాటిలో చదువు చెప్పడానికి అగ్రవర్ణ హిందూ ఉపాధ్యాయులు ముందుకు రాలేదు. ముస్లిం ఉపాధ్యాయులను పెట్టవలసి వచ్చింది. తర్వాత ఆర్యసమాజానికి చెందిన పండిట్ ఆత్మారామ్ వచ్చి ఆ బడులనూ వసతి గృహాలనూ పట్టించుకున్నాక గాని అవి పుంజుకోలేదు. అంటే రాజాజ్ఞను అమలు చేయవలసిన గుమాస్తా, ఉపాధ్యాయుడు, బంట్రోతు ఎవరి మాట వింటున్నారన్నది అసలు సమస్య. జీతం రాజుది, మాట కులానిది. అంబేద్కర్ బల్ల మీద కాగితాలు దూరం నుంచి విసిరిన బంట్రోతు కూడా బరోడా ఖజానా నుంచి జీతం తీసుకున్నవాడే. నిబంధన రాసి, నిధులిచ్చి, నమూనా నడిపితే సమాజం దారిలోకి వస్తుందన్న నమ్మకం శాయాజీరావుది. బడి విషయంలో, గ్రంథాలయం విషయంలో ఆ నమ్మకం చాలావరకు నిజమైంది. ఇంటి గడప దగ్గర అది ఆగిపోయింది.

అంబేద్కర్ శ్రేయోభిలాషి కేలూస్కర్ మరొకసారి ప్రయత్నించి, బరోడాలో ఒక ప్రొఫెసర్ ఇంట డబ్బిచ్చి ఉండే ఏర్పాటు చేశారు. అంబేద్కర్ రైలు దిగేసరికి, ఇంట్లో భార్య ఒప్పుకోలేదన్న చీటీ స్టేషన్‌లోనే ఎదురైంది. ఆయన అక్కడినుంచే వెనుదిరిగారు. మరుసటి ఏడాది బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో ఆచార్యుడిగా చేరారు.

వచ్చే నెల పని మీద వడోదర వెళుతున్నాను. ఆయన కాలం నాటివి ఏవి చూడవచ్చు? — ఉద్యోగి, విశాఖపట్నం

అందరూ చూపించేది 1890లో పూర్తయిన లక్ష్మీవిలాస్ భవనం. అది చూడండి, కానీ అక్కడితో ఆగకండి. మాండ్వీ ప్రాంతంలో కేంద్ర గ్రంథాలయం ఉంది. ఇనుప అరల అంతస్తుల మధ్య గాజు పలకల నేల వేశారు, పైనుంచి వెలుతురు కింది అరలదాకా దిగుతుంది. 1890లో వృత్తి విద్యల కోసం పెట్టిన కళాభవన్ ఇప్పుడు మహారాజా శాయాజీరావు విశ్వవిద్యాలయంలో సాంకేతిక విద్యా విభాగం. దాదాసాహెబ్ ఫాల్కే చదువుకున్నది అక్కడే. 1908లో శాయాజీరావు ఆసరాతో మొదలైన బ్యాంక్ ఆఫ్ బరోడా మీ వీధిలో కూడా ఉండే ఉంటుంది. ప్రాచ్య విద్యా సంస్థలో సంస్కృత తాళపత్రాలున్నాయి. ముందుగా అనుమతి అడిగి వెళ్ళండి. కామాటీ బాగ్‌ను ఇప్పుడు శాయాజీ బాగ్ అంటారు. అంబేద్కర్ కూర్చున్న చోటును సంకల్ప భూమి అని పిలుస్తున్నారు. స్టేషన్ నుంచి దగ్గరే, ఆటోలో వెళ్ళవచ్చు.